కత్తి ముందు కంఠస్థం

ఈమధ్య మా నాచారంలో పొద్దున్నే దినపత్రిక మడతలోంచి జారిపడే కరపత్రాలలో ఒక రకం తరచుగా కనిపిస్తోంది. ఆత్మరక్షణ శిబిరం, పది రోజులు, బాలికలకు రుసుములో రాయితీ. అడుగున ఎర్రటి అక్షరాలలో, దుండగుని చేతిలోని కత్తిని మూడు సెకన్లలో లాగివేయు విద్య నేర్పబడును అని ఒక వాగ్దానం. ఉప్పల్ కూడలి దాకా వెళ్తే గోడల మీదా అదే. ‘నేర్పబడును’ అన్న కర్మణి ప్రయోగాన్ని క్షమించవచ్చు. కర్త ఎవరో చెప్పకపోవడంలో కొంత వివేకం కూడా ఉంది. ఆ వాగ్దానాన్ని మాత్రం నేను క్షమించలేను.

తెలుగు పండితుడికి కత్తుల గొడవ ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. కత్తి సంగతి నాకు కొత్తదే గాని, కంఠస్థం సంగతి పాతది. ప్రశ్న ఉన్నది ఉన్నట్టు వస్తేనే జవాబు వ్రాయగలిగి, ఒక్క మాట మార్చి అడిగితే కలం కింద పెట్టేసే పిల్లలను ఉద్యోగకాలమంతా చూశాను. కత్తి లాక్కోవడం నేర్పే ఈ చదువు చాలామట్టుకు ఆ జాతిదే. పరీక్షలో అయితే మార్కులు పోతాయి. ఇక్కడ పోయేది వేరు. ఫిలిప్పీన్ దీవుల యుద్ధవిద్యలలో నిజాయితీ గల సాధకులు ఈ రోగాన్ని ఏనాడో గుర్తించి మందు వెదికారు. ఆ మందు మన బడులకు ఎంతవరకు పనికివస్తుందన్నదే ఈ టపాలో నేను చెప్పదలచినది.

ప్రభుత్వ పాఠశాలలలో ఆరు నుంచి పన్నెండు తరగతుల బాలికలకు సమగ్ర శిక్షా పథకం కింద రాణీ లక్ష్మీబాయి పేరిట మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణ ఉంది. దానికి నేను వ్యతిరేకిని కాను. నేర్చుకున్న పిల్లల నడక మారుతుంది, తల పైకి లేస్తుంది, అన్నిటికన్నా ముఖ్యంగా గొంతు పెగులుతుంది. బస్సులో మీద చెయ్యి వేసినవాణ్ణి గట్టిగా అరిచి నలుగురిలో నిలబెట్టడానికి ఆ గొంతు చాలు. నా అభ్యంతరం అంతా ఆ శిక్షణలో కత్తి వచ్చి చేరే చోటనే.

మా ప్రాంతంలోని ఒక ప్రైవేటు పాఠశాల వార్షికోత్సవానికి నన్ను అతిథిగా పిలిచారు. నల్ల చొక్కా తొడిగిన కుర్రవాడొకడు చెక్కకత్తిని తలమీదికెత్తి, పెద్దగా అరుస్తూ, నాలుగంగలు వేసి వచ్చి, కత్తి పట్టిన చేతిని అలాగే గాలిలో నిలిపాడు. తొమ్మిదో తరగతి పిల్ల ఆ మణికట్టు పట్టుకొని, మెలిపెట్టి, కడుపులో మోకాలితో ఒకటి ఇచ్చి, కత్తి లాక్కొని సభకు నమస్కరించింది. చప్పట్లు మార్మోగాయి. ఆ పిల్ల ఈ పనులన్నీ చేస్తున్నంతసేపూ కుర్రవాడి రెండో చెయ్యి ఏం చేస్తోందా అని నేను చూశాను. నడుము పక్కన ఊరికే వేలాడుతోంది.

ఈ దృశ్యానికి గురువు సినిమా. మా నాచారానికి సినిమాతో పాత చుట్టరికమే, ఎన్.టి. రామారావుగారు ఇక్కడ స్టూడియో కట్టించారు. సినిమా కత్తికి మర్యాద ఎక్కువ. నాయకుడు సిద్ధమయ్యేదాకా ఆగుతుంది, ఒకసారికి ఒక్కటే వస్తుంది, తప్పిపోతే సిగ్గుపడి వెనక్కి పోతుంది. వేదిక మీద అది అందంగా ఉంటుంది, దానిని నిందించను. కాని ఆ రాత్రి ఇంటికి వెళ్ళిన పిల్ల తనకు కత్తిని లాక్కోవడం వచ్చునని నమ్ముతుంది. తల్లిదండ్రులూ నమ్ముతారు. భయం ఉన్న పిల్ల పరుగెత్తవలసిన చోట, నమ్మకం ఉన్న పిల్ల నిలబడుతుంది.

నిజమైన కత్తి ఎలా వస్తుందో మన తెలుగునాట జరిగిన సంగతులే చెబుతాయి. 2018 అక్టోబరు 25న విశాఖపట్నం విమానాశ్రయంలో, అప్పటి ప్రతిపక్ష నాయకుడు జగన్మోహన్ రెడ్డిగారి మీద దాడి జరిగింది. అక్కడి ఫలహారశాలలో పనిచేసే యువకుడు సెల్ఫీ అడుగుతూ దగ్గరికి వచ్చాడు. ఆయుధం, పందెంలో పుంజు కాలికి కట్టే చిన్న కత్తి. గాయం ఎడమ చేతికి, భుజానికి దగ్గరగా తగిలింది. ఆ తరువాత కోడికత్తి అన్న మాట రాజకీయుల నోళ్ళలో పరిహాసంగా మారిపోయింది గాని, సెల్ఫీ అడిగే దూరంలో ఎవరి చేతిలో ఏమున్నదో కనబడదన్న సంగతి ఎవరికీ పట్టలేదు. 2023 అక్టోబరు 30న సిద్దిపేట జిల్లా దౌల్తాబాద్ మండలం సూరంపల్లిలో, ఎన్నికల ప్రచారంలో ఉన్న పార్లమెంటు సభ్యుడు కొత్త ప్రభాకర్ రెడ్డిగారి దగ్గరికి ఒకడు కరచాలనం చేయబోతున్నట్టుగా వచ్చి కడుపులో పొడిచాడు. పేగుకు గాయమై సికింద్రాబాదులో శస్త్రచికిత్స చేయవలసివచ్చింది. ఇద్దరి చుట్టూ మనుషులున్నారు, రక్షణ సిబ్బంది ఉన్నారు. అయినా మొదటి పోటును ఎవరూ ఆపలేకపోయారు.

ఆడపిల్లల మీద జరిగినవి తలచుకుంటే చెయ్యి ఆడదు. 2004లో విజయవాడలో ఒక విద్యార్థినిని తరగతి గదిలోనే చంపారు. 2021 ఆగస్టు 15న, దేశమంతా జెండాలు ఎగరేస్తున్న రోజున, గుంటూరు నడివీధిలో పట్టపగలు ఒక ఇంజనీరింగు విద్యార్థినిని ఒకడు కత్తితో పదే పదే పొడిచి చంపాడు. మరుసటి సంవత్సరం న్యాయస్థానం వాడికి మరణశిక్ష విధించింది. 2023 సెప్టెంబరులో, మాకు నాగోలు దాటితే వచ్చే ఎల్బీనగర్‌లో, ఇంట్లోకి వచ్చినవాడు అక్క మీద కత్తి దూస్తే అడ్డుపడిన తమ్ముడు ప్రాణం పోగొట్టుకున్నాడు. పేర్లు వ్రాయడం నాకిష్టం లేదు. వచ్చినవాళ్ళు ముక్కూ మొహం తెలియని చీకటి మనుషులు కారు, తెలిసినవాళ్ళు. ముందు మాట కలిపినవాళ్ళు. కత్తి తలమీదికెత్తి అరుస్తూ ఎవరూ రాలేదు.

మన గాథలలోనూ ఇదే కదా ఉన్నది. 1757లో బొబ్బిలి కోట కూలిన తరువాత విజయరామరాజు చనిపోయినది రణరంగంలో కాదు, రాత్రివేళ గుడారంలో. తాండ్ర పాపారాయుడి పేరు చెప్పగానే ఒళ్ళు పొంగే మనకు ఆ ఒక్క వివరం అంతగా గుర్తుండదు. సౌప్తిక పర్వం చదివినవారికి వేరే చెప్పనక్కరలేదు.

దూరం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. అమెరికాలో సాల్ట్ లేక్ సిటీ పోలీసు అధికారి డెన్నిస్ ట్యూలర్ 1983లో ఒక వ్యాసం ప్రచురించాడు. కత్తి పట్టుకున్న మనిషి ఇరవై ఒక్క అడుగుల దూరాన్ని ఎంతసేపటిలో దాటగలడని పరీక్షిస్తే, సుమారు ఒకటిన్నర సెకను అని తేలింది. నడుముకు తుపాకీ ఉండి, శిక్షణ పొందిన పోలీసుకు దానిని బయటికి తీసి పేల్చడానికి దాదాపు అంత సమయమే పడుతుంది. ఇరవై ఒక్క అడుగులంటే ఏడు గజాలు. మన ఇళ్ళలో అంత పొడుగు గది ఎవరికైనా ఉంటుందా? కరపత్రం వాగ్దానం చేసిన ఆ మూడు సెకన్లలో కత్తి అంత దూరం వచ్చి, ఇంకా తన పని చేసుకోవడానికి సగం సమయం మిగుల్చుకుంటుంది.

రచయితలలో సల్మాన్ రష్దీ తన అనుభవాన్ని 2024లో ‘నైఫ్’ అన్న పుస్తకంగా వ్రాశాడు. 2022 ఆగస్టు 12న న్యూయార్క్ రాష్ట్రంలోని షటాక్వా సభావేదిక మీద జరిగిన ఆ దాడి ఇరవై ఏడు సెకన్లు సాగిందని అంటాడు. కుడికన్ను పోయింది, అడ్డుపెట్టిన ఎడమచెయ్యి తీవ్రంగా దెబ్బతిన్నది. ఎందుకు ఎదిరించలేదు, ఎందుకు పారిపోలేదు అని తనను తానే ప్రశ్నించుకుంటాడు. డెబ్బై అయిదేళ్ళ మనిషి, హఠాత్తుగా మీదపడితే స్తంభించిపోయాడు. పాతికేళ్ళవాడైనా స్తంభించడం సహజమే. శిక్షణ అన్నది మొదట ఆ స్తంభించిన క్షణంతో తలపడాలి. మణికట్టు మెలిక తరువాతి మాట.

ఇక ఫిలిప్పీన్ విద్య. దానికి మూడు పేర్లు వాడుకలో ఉన్నాయి. ఎస్క్రిమా అన్నది స్పానిష్ ‘ఎస్గ్రిమా’ నుంచి వచ్చింది, ఖడ్గవిద్య అని అర్థం. ఆర్నిస్ కూడా స్పానిష్ మాటే, కవచం అన్న అర్థం గల ‘ఆర్నెస్’ నుంచి. కాలి అన్న మూడోదాని వ్యుత్పత్తి గురించి అక్కడివాళ్ళలోనే తగవులున్నాయి. మూడు వందల సంవత్సరాలకు పైగా ఏలినవాడి భాష ఆయుధం పేరులో మిగిలిపోవడం వింతేమీ కాదు. మన చాకు పారసీకం నుంచి ఉర్దూ మీదుగా మన వంటింట్లోకి రాలేదా? కత్తి మాత్రం తమిళ కన్నడాలతో మనం పంచుకున్న సొంత మాట. 1521లో మెజెల్లన్ చనిపోయినది ఆ దీవులలోని మక్తాన్ ఒడ్డునే, లాపులాపు మనుషుల చేతిలో. 2009లో ఆర్నిస్‌ను ఆ దేశం చట్టం చేసి తన జాతీయ క్రీడగా, జాతీయ యుద్ధవిద్యగా ప్రకటించుకుంది.

మనకు తెలిసిన కరాటే మొదలైనవి ఉత్తచేతులతో మొదలై, కొన్నేళ్ళకు ఆయుధం దగ్గరికి వస్తాయి. ఫిలిప్పీన్ పద్ధతిలో మొదటి రోజే చేతికి బెత్తం ఇస్తారు. దెబ్బ వచ్చే దిక్కులకు అంకెలు పెడతారు. చాలా శాఖలలో అవి పన్నెండు. చేతిలో ఉన్నది కర్రయినా, కత్తి అయినా, ఏమీ లేకున్నా ఆ దిక్కులు మారవు. ఆయుధం పట్టిన మనిషిని వదిలి, పట్టిన చేతినే కొట్టడాన్ని వాళ్ళు పాము కోరలు పీకడం అంటారు. మన కర్రసాము చేసే పెద్దలు వింటే ఇది మా ఇంటి మాటే అనుకుంటారు.

అయితే ఆ విద్యలోనూ అందమైన అబద్ధం ఉంది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, నువ్వు కొట్టు నేను ఆపుతాను, నేను కొడతాను నువ్వు ఆపు, అని లయ తప్పకుండా చేతులు తిప్పే సాధనలు ఉన్నాయి. హుబుద్ అనే సాధన అటువంటిది. చూడముచ్చటగా ఉంటుంది, చేతికి చురుకుదనం ఇస్తుంది. అదే పోరాటమనుకుంటే మాత్రం మళ్ళీ కంఠస్థంలోనే పడ్డట్టు. దీనితో విసిగిన కొందరు 1980లలోనే అమెరికాలో డాగ్ బ్రదర్స్ అనే పేరుతో ఒక బృందంగా ఏర్పడి, ముఖానికి జల్లెడ తొడుగు, చేతులకు పలుచని తొడుగులు మాత్రమే ఉంచుకొని, బెత్తాలతో నిజంగానే కొట్టుకొని, ఏది నిలుస్తుందో ఏది నిలవదో తేల్చుకోవడం మొదలుపెట్టారు. కత్తిదాడుల మీద వాళ్ళు చేసిన దృశ్యపాఠాల పేరు ‘డై లెస్ ఆఫెన్’, అంటే తక్కువసార్లు చావండి అని. ఒక్కసారి చచ్చినా చాలు గదా అని నవ్వు వస్తుంది. కాని ఆ పేరులో ఉన్న వినయం మా కరపత్రంలో లేదు.

మనకు దగ్గరి ఉపమానం ఒకటి చెబుతాను. అష్టావధానంలో నిషిద్ధాక్షరి అనే అంశం ఉంది గదా. అవధాని ఒక అక్షరం చెప్పగానే, తరువాత ఏ అక్షరం వేయబోతున్నాడో ఊహించి పృచ్ఛకుడు దానిని నిషేధిస్తాడు. ఇంటిదగ్గర కూర్చుకొని వచ్చిన పద్యం అక్కడ ఒక్క అడుగు వేయలేదు. మధ్యలో అప్రస్తుత ప్రసంగి వచ్చి వంకాయ కూర గురించి అడుగుతాడు. ఆ అడ్డు లేకపోతే అది అవధానమే కాదు, పద్యపఠనం. వార్షికోత్సవం నాటి కుర్రవాడు నిషేధించని పృచ్ఛకుడు. కత్తి చేతిని గాలిలో నిలిపి, తరువాతి అక్షరం వేసుకోమని పిల్లకు దారి ఇచ్చాడు. నిజంగా పొడవదలచినవాడు ప్రతి అడుగునా నిషేధిస్తాడు. చెయ్యి పట్టుకుంటే లాక్కుంటాడు, రెండో చేత్తో జుట్టో చొక్కానో పట్టి తనవైపు లాగుతాడు, కుట్టుమిషను సూదిలా చెయ్యి వెనక్కీ ముందుకూ ఆడిస్తూనే ఉంటాడు.

ఈ నిషిద్ధాక్షరి పద్ధతిని నేను కళ్ళారా చూసినది ఈ నాచారంలోనే. నా పూర్వ విద్యార్థి ఒకడు దుబాయిలో కొన్నేళ్ళు పనిచేసి, అక్కడి ఫిలిపినో సహోద్యోగుల దగ్గర ఈ విద్య నేర్చుకొని వచ్చాడు. ఆదివారం ఉదయాలు ఒక చిన్న ఫంక్షన్ హాలు మేడ మీద పదిమందికి నేర్పుతున్నాడు. రుసుము నామమాత్రం. మా మనవరాలు ఇంటర్మీడియెట్ రెండో సంవత్సరం, అంతకుముందు బడిలో కరాటే నేర్చినది. దానిని తీసుకొని వెళ్ళాను.

అతడు చేసినది చాలా చౌకైన పరీక్ష. రబ్బరు కత్తి అంచులకు ఎర్ర సుద్ద తడిపి పూశాడు. పిల్లకు తెల్ల చొక్కా, కళ్ళకు రక్షణగా అద్దాలు. కత్తి మరొక కుర్రవాడి చేతికిచ్చి, మొదటి విడత బడిలో నేర్పినట్టే చేయించాడు. చెయ్యి చాచి నిలిపాడు, మా పిల్ల మెలిపెట్టి లాక్కుంది. చొక్కా మీద ఒక్క మరక లేదు. నావైపు గర్వంగా చూసి నవ్వింది.

రెండో విడతకు ముందు కుర్రవాడితో, “చెయ్యి నిలపొద్దు, పట్టుకుంటే లాక్కో, రెండో చేత్తో చొక్కా పట్టుకో, నేను ఆపమనేదాకా ఆపకు,” అన్నాడు. అయిదారు సెకన్లు గడిచాయో లేదో ఆపమన్నాడు. ముంజేతుల లోపలివైపు, పొట్ట మీద, పక్కటెముకల దగ్గర, మెడ పక్కన ఎర్రటి గీతలు. మొదటి నాలుగైదు ఎప్పుడు పడ్డాయో తనకు తెలియనేలేదని మనవరాలు అన్నది. నవ్వలేదు. నేను లెక్కపెట్టబోయి మానేశాను.

మూడో విడతలో పిల్లను తలుపు వైపు నిలబెట్టి, కుర్రవాణ్ణి నాలుగడుగుల అవతల ఉంచి, వాడి చెయ్యి జేబులోకి వెళ్ళగానే ఏమీ ఆలోచించకుండా పరుగెత్తమన్నాడు. మధ్యలో కుర్చీలు ఉన్నాయి. పోతూ పోతూ ఒక కుర్చీని వాడి కాళ్ళకు అడ్డంగా తోసింది. భుజం వెనక ఒక్క గీత. ఇదే విడతను అతడు పదే పదే చేయించాడు. పరుగు సిగ్గుపడవలసిన పని కాదని శరీరానికి చెప్పడానికే అంత సేపు పడుతుందట. నాలుగో విడత, పారిపోయే దారి లేనప్పటిది. కత్తి పట్టిన ముంజేతిని రెండు చేతులతోనూ పట్టి, తన రొమ్ముకు గట్టిగా అదుముకొని, తల దించి, ఒంటి బరువంతా వేసి వాణ్ణి గోడకు నెట్టడం. లాక్కోవడం లేదు, మెలిక లేదు. వదలకుండా పట్టి ఉంచడం, అరవడం, వీలు చిక్కగానే తోసి పరుగెత్తడం. గీతలు పడ్డాయి గాని పొట్ట మీద, మెడ మీద కాదు. ఎక్కువగా చేతుల వెలుపలివైపు.

“సున్నా ఎప్పుడు వస్తుందోయ్?” అని అడిగాను.

“రాదు సార్. సున్నా వచ్చిందంటే కత్తి పట్టినవాడు మొహమాటపడ్డట్టు,” అన్నాడు.

ఈ మాటే ప్రతి శిబిరం గుమ్మం మీద వ్రాయించాలని నాకు అనిపించింది. దెబ్బ తగులుతుందని ముందే చెప్పి, తగిలినా ఆగిపోకుండా తలుపు దాకా చేరడం నేర్పేది చదువు. అతని దగ్గర కర్ర పాఠం కూడా ఉంది. దానికి మా వయసువాళ్ళకు గొడుగు చాలు. పొడుగు కర్ర గొడుగును రెండు చేతులతో పట్టి, వచ్చే చేతి మీద కొట్టి, దూరం ఉంచుకొని వెనక్కి జరగడం. ఇప్పుడు దొరికే మూడు మడతల గొడుగులు వానకే ఆగవు, ఇక కత్తికేమాగుతాయి? పుస్తకాల సంచిని డాలుగా ముందు పెట్టుకోవడం మాత్రం పిల్లలకు వెంటనే అలవడింది.

ఇక్కడ రెండు ఆక్షేపణలకు జవాబు చెప్పుకోవాలి. ఇంత కఠోరంగా నేర్పితే పిల్లలు భయపడతారు గదా అన్నది ఒకటి. భయపడతారు, మా పిల్ల ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. తరువాతి ఆదివారం నాకన్న ముందు చెప్పులు వేసుకున్నది. రోడ్డు దాటేటప్పుడు లారీ అంటే భయం ఉండాలనే గదా నేర్పుతాం. వయసును బట్టి మోతాదు ఉండాలన్న మాట నిజమే. ఆరో తరగతి పిల్లకు సుద్దకత్తి అక్కరలేదు, పరుగూ అరుపూ చాలు.

రెండోది బరువైనది. నా చెల్లెళ్ళ వంటి బ్లాగరులు తప్పక అడుగుతారు: పొడిచేవాణ్ణి వదిలిపెట్టి పొడిపించుకునే పిల్లకే ఎందుకయ్యా ఈ పాఠాలన్నీ? న్యాయమైన ప్రశ్న. గుంటూరులో జరిగినది ఆ పిల్లకు చేతకాక జరిగినది కాదు, వాడికి ‘వద్దు’ అన్న మాట వినడం చేతకాక జరిగినది. మగపిల్లలకు ఆ ఒక్క మాట వినడం నేర్పవలసినది ఇల్లూ, బడీ, సినిమా. ప్రేమిస్తున్నానని వెంటబడడమే పౌరుషమని యాభై ఏళ్ళుగా తెర మీద చూపిన జాతి మనది. ఆ పాఠం చెప్పడానికి ఒక తరం పట్టవచ్చు. ఈలోగా మనవరాలు రోజూ నాచారం నుంచి హబ్సిగూడ మెట్రోకు నడిచి వెళ్ళాలి. ఒకటి చేస్తే రెండోది మానాలని ఎక్కడా లేదు.

సంచిలో ఒక చాకు పెట్టుకొమ్మని సలహా ఇచ్చేవారూ ఉన్నారు. ఆ హాలులో అదీ పరీక్షించారు. సంచి జిప్పు తెరిచేలోగా కథ ముగిసింది. చట్టం సంగతి అంటారా, అలుగు తొమ్మిది అంగుళాలకు మించి పొడవైనా, రెండు అంగుళాలకు మించి వెడల్పైనా ఆయుధాల నియమాల కిందికి వస్తుంది. ఇంటికి, సేద్యానికి వాడే పనిముట్లకు మినహాయింపు ఉంది. కనుక కూరగాయల కత్తికీ కొడవలికీ అడ్డు లేదు. నిషేధాలతో తీరేది కాదు. ప్రాణం కాపాడుకోవడానికి ఎదిరించే హక్కు మాత్రం స్పష్టంగానే ఉంది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు దానికి సంబంధించినవే. కత్తి పట్టినవాణ్ణి నెట్టితే వాడికి దెబ్బ తగిలిందని కేసు అవుతుందేమోనన్న జంకుతో చేతులు ముడుచుకోనక్కరలేదు. ఆపద తప్పిన తరువాత వెంటాడి కొట్టడం వేరు, దానికి ఆ రక్షణ లేదు.

అన్నిటికన్న నాకు కోపం తెప్పించేది, ఏ కరపత్రంలోనూ రక్తం మాట లేకపోవడం. కత్తి అంటే రక్తం. పెద్ద రక్తనాళం తెగితే కొన్ని నిమిషాలలోనే ప్రాణం పోవచ్చు. 108 అంబులెన్సు మన రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలై ఎందరి ప్రాణాలో నిలిపింది. కాని సాయంత్రం ఏడింటికి ఉప్పల్ కూడలి దాటి రావడం ఎంతటి డ్రైవరుకైనా కష్టమే. ఆ మధ్యకాలంలో గాయపడిన మనిషి ప్రాణం పక్కనున్నవాళ్ళ అరచేతులలో ఉంటుంది. శుభ్రమైన గుడ్డను మడిచి గాయం మీద గట్టిగా అదిమి, చూద్దామని మాటిమాటికీ ఎత్తకుండా, సాయం వచ్చేదాకా అలాగే ఉంచడం. లోతు గాయమైతే గుడ్డను గాయంలోకే కూరి అదమడం. చేతికో కాలికో తగిలి రక్తం చిమ్ముతూ, అదిమినా ఆగకపోతే, గాయానికి పైభాగంలో వెడల్పాటి పట్టీ వేసి, కర్రముక్కతో మెలిపెట్టి బిగించి, ఎన్ని గంటలకు కట్టామో గుర్తుంచుకోవడం. కత్తి ఒంట్లోనే దిగబడి ఉంటే పీకకుండా, కదలకుండా ఉంచి ఆసుపత్రికి తరలించడం. పసుపు అద్దడం, కాఫీపొడి చల్లడం మానాలి. పోలీసు కేసు అని చికిత్స ఆపడానికి వీలులేదని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది. ప్రభుత్వ వైద్యుడైనా ప్రైవేటు వైద్యుడైనా ముందు ప్రాణం నిలపాలి. ఈ తీర్పు సంగతి ప్రతి పదో తరగతి విద్యార్థికీ తెలియాలి. వాళ్ళు చదివే ఏ పాఠంలో ఉందో నాకైతే కనబడలేదు.

అమెరికాలో 2015 నుంచి రక్తం ఆపే పద్ధతులను మామూలు జనానికి నేర్పే ఉద్యమం ఒకటి నడుస్తోంది. గంటా రెండు గంటల పాఠమే. మన మూడు నెలల శిక్షణలో ఒక్క పూట దీనికి ఇవ్వలేమా? వీధిలో కత్తిదాడి ఒక పిల్లకు జీవితంలో ఎదురు కాకపోవచ్చు, కాకూడదు కూడా. రోడ్డు ప్రమాదంలో, ఫ్యాక్టరీ యంత్రం దగ్గర రక్తం చూడని మనిషి మాత్రం నాచారం పారిశ్రామిక వాడలో దొరకడు.

నన్ను అతిథిగా పిలిచిన ఆ పాఠశాలకు ఈ విషయమంతా ఒక ఉత్తరంగా వ్రాశాను. వచ్చే వార్షికోత్సవంలో చెక్కకత్తి దృశ్యం బదులు, సుద్దకత్తి పరీక్షనూ పరుగునూ, ఆ వెంటనే గాయానికి కట్టు కట్టడాన్నీ ప్రదర్శించమని కోరాను. తల్లిదండ్రులు బాధపడతారనీ, చూడడానికి బాగుండదనీ ఫోనులో మర్యాదగానే చెప్పారు. బాగుండదు, నిజమే. మళ్ళీ వ్రాస్తాను. మా పూర్వ విద్యార్థి మాత్రం వచ్చే ఆదివారం నుంచి ప్రతి పాఠం చివర అరగంట కట్లకు కేటాయిస్తానన్నాడు. పాత నూలు గుడ్డలు కావాలన్నాడు. రెండు పంచెలు చించి, మనవరాలి చేత నాలుగు వేళ్ళ వెడల్పున పట్టీలు కత్తిరించి ఉంచాను.